ఫెర్రెట్ల గిన్నె

మా పెంపుడు ఫెర్రెట్లకు ఆదివారమే వారానికి సరిపడా మాంసం సర్ది ఫ్రీజర్‌లో పెడతాను. కోడి మెడలు, కందనకాయలు, గుండెకాయలు, కొంచెం కార్జం. గుండెకాయ తప్పనిసరి, టారిన్ అనే పోషకం అందులో బాగా ఉంటుంది. కార్జం ఎక్కువైతే విటమిన్ ఎ మితిమీరుతుంది. ఎముక పచ్చిదే పెట్టాలి. ఉడికితే పెళుసై, చీలి పేగులో గుచ్చుకుంటుంది.

వీటి పేగు పొట్టిది. తిన్నది 3, 4 గంటల్లో బయటికొచ్చేస్తుంది, అన్నం, పళ్లు సరిగా అరగవు. అందుకే ఇండియా నుంచి వచ్చిన అమ్మ ముద్దుగా పెరుగన్నం పెట్టబోతే "వద్దమ్మా, వీటికి పడదు" అని ఆపేశాను. పాపం, అమ్మకు మనసొప్పలేదు.

తిన్నంత తిని, మిగతాది సోఫా కింద దాస్తాయి. పూటపూటా వెతికి తీయాల్సిందే. పచ్చి మాంసంతో సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయం నిజమైనదే, చేతులూ గిన్నెలూ సబ్బుతో కడగాలి. పసిపిల్లలున్న ఇంట్లో మాత్రం పచ్చి మాంసం వద్దనే అంటాను.