పాత పెట్టె... పెళ్లి కార్డు!

శ్రావణం వచ్చిందంటే ఆ డీటీపీ సెంటర్లో ఊపిరి సలపదు. అన్నీ శుభలేఖలే. పాతికేళ్లుగా పేజ్‌మేకర్, అను ఫాంట్లే ఆయనకు అన్నం పెడుతున్నాయి. 2001లో వచ్చిన 7.0 వెర్షనే పేజ్‌మేకర్‌కు ఆఖరిది.

'ఇంకా అదేంటి నాన్నా! అంతా ఆన్‌లైన్లోనే చేసుకోవచ్చుగా' అంటుంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న కూతురు. అను ఫాంట్లలో కొట్టింది అక్కడ పెడితే పిచ్చిగీతలైపోతుందని ఆయన బాధ.

ఓ సాయంత్రం ఒక పెద్దాయన పరుగున వచ్చారు. ముహూర్తం తెల్లవారుజామున అయితే కార్డులో 'రాత్రి' అని పడింది. పొద్దున్నే పంచాలి. ఆ పూట ఊళ్లో నెట్ లేదు. ఆయన ఫైలు తెరిచారు, ఒక్క మాట దిద్దారు, అరగంటలో ప్రింటు చేతికిచ్చారు. సెలవుకొచ్చిన కూతురు చూస్తూ ఉండిపోయింది.

అలాగని సొంత పెట్టెనూ పూర్తిగా నమ్మరాయన. ఒకసారి హార్డ్‌డిస్క్ పాడై సీజను పనంతా పోయింది. అప్పట్నుంచీ షట్టరు దించేముందు పెన్‌డ్రైవ్‌లో కాపీ తప్పదు. ఇప్పుడు కూతురు ఇంకో కాపీ నెట్‌లో దాస్తోంది.

'రేపు వాళ్లు మూసేస్తే?' అడిగారాయన. 2013లో గూగుల్ రీడర్ మూతపడిన సంగతి గుర్తొచ్చి నవ్విందామె.

'అందుకేగా, నీ పెన్‌డ్రైవ్ పారేయకు నాన్నా!'