పైన 500, లోపల 240

విజయవాడలో మే నెలలో మేడ మీది గదిలో ఉండటం అంటే ఏమిటో ఉన్నవాళ్లకే తెలుసు. పగలంతా ఎండ తాగిన శ్లాబు, రాత్రి పది దాటినా ఆ వేడిని మన నెత్తిన దించుతూనే ఉంటుంది. సత్యనారాయణపురంలో మా చెల్లెలు వాళ్ల ఇంట్లో అలాంటి గది ఒకటుంది. అందులోనే మా మేనల్లుడి గేమింగ్‌ కంప్యూటర్‌. చెల్లెలు చీటీ పాడి తెచ్చిన డబ్బుకి, వాడు ట్యూషన్లు చెప్పి దాచుకున్నది కలిపి, జనవరిలో 78 వేలు పెట్టి కొన్నారు. చీటీ ఇంకా పద్నాలుగు నెలలు కట్టాలి.

ఏప్రిల్‌ దాకా బంగారంలా పనిచేసింది. మే మొదటివారం నుంచి ఆట మధ్యలో టప్పున ఆగిపోవడం మొదలైంది. వాడు ఆటలతోపాటు దాని మీద పెళ్లి వీడియోలు ఎడిట్‌ చేసి నాలుగు రూపాయలు తెచ్చుకుంటాడు. కాబట్టి కుర్రాడి ఆటల గొడవేలే అని వదిలేయడానికి లేదు. అమ్మిన షాపువాళ్లు పది నిమిషాలు చూసి, "మదర్‌బోర్డు పోయింది, ప్రాసెసర్‌ మీద కూడా అనుమానమే" అన్నారట. వారంటీ ఉందిగా అంటే, "కంపెనీకి పంపితే నెలన్నర పడుతుంది. ఆగలేకపోతే పాతికవేలు అవుతుంది, కొత్తవి వేసుకోండి" అన్నారట. పెళ్లిళ్ల సీజన్‌లో నెలన్నర ఎక్కడ ఆగుతాడు?

"అమ్మేద్దాం అన్నయ్యా, ఎంతొస్తే అంత" అంది చెల్లెలు.

నేను విద్యుత్‌ శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. కంప్యూటర్‌ గేములు నాకు తెలియవు, తెలుసుకోవాలన్న సరదా కూడా లేదు. కానీ ఎండాకాలం సాయంత్రాలు మాత్రమే ఎగిరిపోయే ఫ్యూజులు నాకు బాగా తెలుసు. అలాంటి చోటికి వెళ్తే ముందు లోడు ఎంతుందో చూస్తాం. ట్రాన్స్‌ఫార్మర్‌ మార్చే మాట ఆ తర్వాత. "రెండ్రోజులాగు" అన్నాను.

చాలామందికి తట్టని విషయం ఒకటుంది. కంప్యూటర్‌ తీసుకునే కరెంటు దాదాపు మొత్తం చివరికి వేడిగానే బయటికొస్తుంది. ఫ్యాన్‌ గాలినిస్తుంది, మోటారు నీళ్లు తోడుతుంది. కంప్యూటర్‌ లెక్కలు చేస్తుంది, కానీ వాటికి బరువు లేదు కదా! గోడలోంచి 340 వాట్లు లాగితే గదిలోకి 340 వాట్ల వేడి వదులుతుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి వచ్చే వేడి సుమారు వంద వాట్లు. అంటే మావాడు ఆట మొదలుపెడితే ఆ చిన్న గదిలోకి అదనంగా ముగ్గురు చుట్టాలు వచ్చి కూర్చున్నట్టే. తలుపులేసుకుని ఆడతాడు కాబట్టి ఆ చుట్టాలు కదలరు.

కూలర్‌ అనే మాట కూడా కొంచెం మోసం చేస్తుంది. ప్రాసెసర్‌ నెత్తిన ఉండే కూలర్‌ దేన్నీ చల్లబరచదు. వేడిని ప్రాసెసర్‌ మీంచి తీసి గదిగాలికి అప్పజెబుతుంది, అంతే. గది 24 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసర్‌ 80 చూపిస్తే, అదే పనికి 38 డిగ్రీల గదిలో అటూఇటుగా 94 చూపిస్తుంది. నీళ్లతో చల్లబరిచే ఖరీదైన కూలర్‌ పెట్టినా గది వేడి కంటే కిందికి దించలేదు. వీడియోల్లో చల్లటి గదుల్లో కూర్చుని కొలిచిన అంకెలు చూసి మన పిల్లలు మోసపోయేది ఇక్కడే.

మావాడిది ఇంటెల్‌ కోర్‌ ఐ5-12400ఎఫ్‌ ప్రాసెసర్‌. దాని అసలు లెక్క 65 వాట్లు. కానీ జోరుమీద పనిచేసేటప్పుడు 117 వాట్ల దాకా వెళ్తుందని కంపెనీవాళ్లే రాస్తారు. కొనేవాళ్లు మొదటి అంకె చూస్తారు, ఎండాకాలం రెండో అంకె చూపిస్తుంది. గ్రాఫిక్స్‌ కార్డు ఎన్విడియా ఆర్‌టీఎక్స్‌ 3060, అది 170 వాట్లు. ఇవి మధ్యతరగతి సరుకే. పైమెట్టున కోర్‌ ఐ9-13900కె అనే ప్రాసెసర్‌ ఒక్కటే 253 వాట్ల దాకా, ఆర్‌టీఎక్స్‌ 4090 అనే కార్డు 450 వాట్లు తీసుకుంటాయి.

వేడెక్కి ఆగే కంప్యూటర్‌కీ, కరెంటు చాలక ఆగే కంప్యూటర్‌కీ తేడా ఉంది. ఈ ప్రాసెసర్‌ 100 డిగ్రీలు తాకగానే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఆట తడబడుతుంది, బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. అయినా వేడి ఆగక ఇంకా పైకి పోతేనే ఆఖరి రక్షణగా మొత్తం ఆగిపోతుంది. పవర్‌ సప్లై, అదే షాపుల్లో అందరూ ఎస్‌ఎంపీఎస్‌ అనేది, చేతులెత్తేస్తే ఆ ముందస్తు సూచనేమీ ఉండదు. నిండుగా నడుస్తున్నది ఒక్క క్షణంలో చీకటి. చాలాసార్లు గోడ స్విచ్‌ ఆపి కాసేపాగి వేస్తేగానీ మళ్లీ లేవదు కూడా.

"ఆగేముందు నెమ్మదించిందా, లేక ఒక్కసారే పోయిందా?" అని అడిగాను.

"రెండూ ఉన్నాయి మావయ్యా. ఒక్కోసారి స్లో అవుతుంది కానీ ఆగదు. ఆగినప్పుడు మాత్రం ఒక్కసారే" అన్నాడు.

అంటే జబ్బులు రెండు. రెండింటినీ విడదీయాలి. వేడి చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్‌ ఒకటి వాడి దగ్గర ముందే ఉంది. ప్రాసెసర్‌ ఒక్కదానికే ఇరవై నిమిషాలు బరువైన పని పెట్టించాను. 100 తాకింది, వేగం తగ్గింది, ఆగలేదు. తర్వాత గ్రాఫిక్స్‌ కార్డు ఒక్కదానికే పెట్టించాను. అప్పుడూ ఆగలేదు. రెండింటికీ కలిపి పెట్టాం. నాలుగో నిమిషంలో చీకటి. ఇది సాయంత్రం సంగతి. మర్నాడు పొద్దున ఆరింటికి అదే పరీక్షకి అరగంట నిలబడి ఆగింది. విడివిడిగా మోయగలిగిన బరువు కలిపితే మోయలేకపోతోందంటే చూడాల్సింది మోసేవాణ్ణి.

క్యాబినెట్‌ పక్క పలక విప్పి ఎస్‌ఎంపీఎస్‌ లేబుల్‌ చదివాను. పెద్దక్షరాల్లో 500 అని ఉంది. దాని కింద చీమల బారులా ఒక పట్టిక. ఎవరూ చదవనిదీ, చదవాల్సిందీ ఆ పట్టికే. ఎస్‌ఎంపీఎస్‌ నుంచి 12 వోల్టులు, 5 వోల్టులు, 3.3 వోల్టులు అని వేర్వేరు తీగలు వస్తాయి. ఇవాళ్టి ప్రాసెసర్‌, గ్రాఫిక్స్‌ కార్డు రెండూ తినేది దాదాపు మొత్తం 12 వోల్టుల వైపు నుంచే. ఆ గడిలో 20 ఆంపియర్లు అని రాసుంది. పన్నెండిరవైలు 240 వాట్లు. మనకి కావలసింది ప్రాసెసర్‌కి 117, కార్డుకి 170, కలిపి 287. ఫ్యాన్లు వగైరా కాకుండానే! మిగతా వాట్లన్నీ ఎవరికీ అక్కర్లేని 5, 3.3 వోల్టుల వైపు చూపించి 500 చేశారు. పైగా గ్రాఫిక్స్‌ కార్డు సగటు 170 అయినా, మిల్లీసెకన్ల పాటు అంతకు చాలా ఎక్కువ గుంజుతుంది. 78 వేల సరుకులో ఈ డబ్బా విలువ పన్నెండొందలు. ముందు అద్దం వెనక రంగురంగులుగా వెలిగే ఫ్యాన్లకి మాత్రం మూడువేలు పట్టాయి.

మరి జనవరిలో ఎలా లాక్కొచ్చింది? చలికి. ఎస్‌ఎంపీఎస్‌ కూడా వేడెక్కే సరుకే. చుట్టూ గాలి వేడెక్కేకొద్దీ అది మోయగలిగేది తగ్గుతుంది. అందుకే మంచి తయారీదారులు 40 డిగ్రీల దగ్గరో, 50 డిగ్రీల దగ్గరో కూడా పూర్తి వాట్లు ఇస్తామని రాస్తారు. నాసిరకం డబ్బాల మీద ఆ మాటే ఉండదు. లోపలి కెపాసిటర్ల సంగతి మరీ చెడ్డది. పది డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుందని మా రంగంలో మోటు లెక్క.

రెండో కారణం నాకు ఇంకా దగ్గరిది. రాత్రి ఎనిమిదింటికి వీధిలో ఏసీలన్నీ మోగుతుంటే ఆ గది ప్లగ్గులో వోల్టేజీ కొలిచాను. 196 వచ్చింది. వోల్టేజీ తగ్గితే పాత బల్బు మందగిస్తుంది, ఫ్యాన్‌ నెమ్మదిస్తుంది. ఎస్‌ఎంపీఎస్‌ అలా సర్దుకుపోదు. కంప్యూటర్‌ అడిగిన వాట్లు ఇచ్చి తీరాలి కాబట్టి, వోల్టేజీ తగ్గినంత మేర కరెంటు ఎక్కువ లాగుతుంది. 230 నుంచి 196కి దిగితే దాదాపు ఆరోవంతు ఎక్కువ. ఆ ఎక్కువ కరెంటు మళ్లీ దాన్నే వేడెక్కిస్తుంది. సాయంత్రం నాలుగు నిమిషాలు, పొద్దున అరగంట ఎందుకొచ్చాయో చెప్పడానికి ఇది చాలు.

వాడి స్నేహితుడి దగ్గర మంచి ఎస్‌ఎంపీఎస్‌ ఉంటే ఒక రాత్రికి అరువు తెప్పించి తగిలించాం. రెండు గంటలు ఆగకుండా నడిచింది. పోయిందన్న మదర్‌బోర్డు అదే, అనుమానపు ప్రాసెసర్‌ అదే.

తర్వాత కొన్నవి రెండే. ఎస్‌ఎంపీఎస్‌ 650 వాట్లది, 12 వోల్టుల వైపే 54 ఆంపియర్లు ఇచ్చేది, 5,200 రూపాయలు. దాని మీద 80 ప్లస్‌ బ్రాంజ్‌ అని ముద్ర ఉంది. ఇలాంటి ముద్రలు చెప్పేది గోడలోంచి తీసుకున్నదాంట్లో ఎంత లోపలికి చేరుస్తుందనే. నూటికి ఎనభై చేర్చే డబ్బా 300 వాట్లివ్వాలంటే 375 లాగుతుంది, ఆ 75 వాట్లూ డబ్బాలోనే వేడి. రెండోది ప్రాసెసర్‌కి రాగి గొట్టాలున్న నిలువు కూలర్‌, 1,900. పెట్టెలో వచ్చిన చిన్న కూలర్‌ మామూలు గదికి సరిపోతుందేమోగానీ శ్లాబు కింది గదికి చాలలేదు. థర్మల్‌ పేస్ట్‌ శనగగింజంత చాలు. వాడు ఇడ్లీకి చట్నీలా పూయబోతుంటే ఆపాను.

ఖర్చులేని పనులే ఎక్కువ ఉపకారం చేశాయి. వాడి మానిటర్‌ సెకనుకి 75 బొమ్మలే చూపగలదు. ఆట మాత్రం 140 గీస్తోంది. కంటికి ఆనని 65 బొమ్మల కోసం కరెంటు, వేడి! 75కి కట్టేయించాను. గ్రాఫిక్స్‌ కార్డు పవర్‌ని 80 శాతానికి, అంటే 136 వాట్లకి దించాడు. ఆటలో తేడా ఏమీ తెలియడం లేదని తనే ఒప్పుకున్నాడు. ప్రాసెసర్‌కి బయోస్‌లో 90 వాట్ల హద్దు పెట్టాడు. ముందున్న అద్దం మాత్రం గంటసేపు బతిమాలితే తీశాడు, గాలికి అడ్డంగా అందమేమిట్రా అంటే మూతి ముడుచుకున్నాడు. గోడ దగ్గర మీటర్‌ 340 నుంచి 235కి దిగింది. ప్రాసెసర్‌ 81 దగ్గర నిలబడింది, గది 38 ఉండగా.

ఒక కుర్రాడు ఎయిర్‌ కూలర్‌ని తెరిచిన క్యాబినెట్‌ ఎదురుగా పెట్టమని సలహా ఇచ్చాడట. ఆ తడిగాలి దుమ్ముతో కలిసి బోర్డు మీద చేరితే ఏమవుతుందో చెప్పి మాన్పించాను. దాని బదులు వెంటిలేటర్‌లో ఎగ్జాస్ట్‌ ఫ్యాన్‌ పెట్టించాను. చుట్టాలు వెళ్లడానికి దారి ఉండాలి కదా.

క్యాబినెట్‌ ముట్టుకుంటే జివ్వుమంటోందని వాడు ఎప్పుడూ చెప్పలేదు, అందరికీ అంతే అనుకున్నాడట. ప్లగ్గులో ఎర్తింగ్‌ తీగే లేదు. ఎర్త్‌ లేకపోతే ఎస్‌ఎంపీఎస్‌ లోపలి ఫిల్టర్‌ నుంచి కొంత కరెంటు పైరేకుకి వస్తుంది. తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిచి తీగ లాగించాం, 600 అయింది. మొత్తంలో నాకు తృప్తినిచ్చిన ఖర్చు ఇదే. ఇంటి ఇన్వర్టర్‌ మీంచి మాత్రం కంప్యూటర్‌ని తీసేయించాను. కరెంటు పోయినప్పుడు ఎస్‌ఎంపీఎస్‌ తన నిల్వతో నెట్టుకురాగలిగేది పదహారు పదిహేడు మిల్లీసెకన్లే. మామూలు ఇన్వర్టర్‌ అంత చురుగ్గా అందుకోలేదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ పదిహేను రోజుల్లో వాడు మూడు పెళ్లిళ్ల వీడియోలు చేసిచ్చాడు, ఒక్కసారీ ఆగలేదు. చీటీ వాయిదాలో ఈ నెల సగం వాడే ఇచ్చాడని చెల్లెలు ఫోన్‌ చేసింది. ఇప్పుడు వాడి స్నేహితులు ఎస్‌ఎంపీఎస్‌ లేబుల్‌ ఫొటోలు పంపించి "చదివి చెప్పండి అంకుల్‌" అంటున్నారు. ఇప్పటికి ఐదుగురివి చూశాను. ముగ్గురివి పైన 500, లోపల 240 బాపతే. ఒకడిది నిఖార్సైన 650. వాడి జబ్బు వేరే, రెండేళ్లుగా తుడవని దుమ్ము. ఐదోవాడి ఫొటోలో పట్టిక ఉండాల్సిన చోట షాపువాడి స్టిక్కర్‌ ఉంది. గోరుతో మెల్లగా పీకి మళ్లీ పంపమన్నాను.