ఊరి బయటి స్లీవ

(పల్లె నుంచి – 11)

"అక్కా, నువ్వు అంబేద్కరిస్టువి కదా. తపస్కాలం వస్తే ప్రతి శుక్రవారం ఆ స్లీవ ముందు మోకాళ్ళేంటి?" అని మొన్న ఒక హాస్టల్ మీటింగులో ఓ తమ్ముడు అడిగాడు. వెటకారంగా కాదు, తెలుసుకోవాలనే అడిగాడు. అక్కడ టైము లేదు. ఇలాంటిది రెండు ముక్కల్లో తేలేది కూడా కాదు. అందుకే ఈ వారం భాగం దీని గురించి.

ముందే ఒక మాట. ఎవర్నీ గుడికి రమ్మని పిలవడానికి ఇది రాయడం లేదు. మనలో బౌద్ధులున్నారు, నాస్తికులున్నారు, పోలేరమ్మకు పొంగలి పెట్టేవాళ్ళున్నారు. ఎవరి దారి వాళ్ళది. నా దారి సంగతి నేను చెబుతున్నాను.

బాబాసాహెబ్ క్రైస్తవంలోకి మారిన అంటరానివాళ్ళ గురించి రాస్తూ గట్టి విమర్శ చేశారు. నీ పాపం వల్లే నువ్వు పడిపోయావని వాళ్ళకు నేర్పుతున్నారు తప్ప, నిన్ను పడేసిన సమాజం గురించి చెప్పడం లేదన్నారు. ఆ మాట నాకు అక్షరాలా నిజమనిపిస్తుంది. మొగుడి చేతిలో తన్నులు తిని వచ్చిన ఆడమనిషికి "నీ స్లీవ నువ్వు మోసుకోవాలమ్మా" అని చెప్పి వెనక్కి పంపడం నేను చూశాను. కూలి పెంచమని అడగబోయిన వాళ్ళకు ఓర్పు మీద ప్రసంగం చెయ్యడమూ విన్నాను. ఆ స్లీవ నాకొద్దు. నన్ను లేపి నిలబెట్టింది వేరే స్లీవ.

మా తమ్ముడి సంగతి మీలో కొందరికి తెలుసు. చెరువు కట్ట మీద దారి దగ్గర మాటామాటా పెరిగింది. కులం పేరు పెట్టి తిట్టి, నలుగురు కలిసి కొట్టారు. కుడి భుజం ఎముక విరిగింది. అట్రాసిటీ కేసు పెట్టాం. ఏళ్ళ తరబడి వాయిదాలకు తిరిగాం. అమ్మ కూలి మానుకుని తిరిగింది. చివర్లో అవతలి వకీలు ఒక కాగితం తీశాడు. అది తమ్ముడి జ్ఞానస్నానం రిజిస్టరు నకలు. వీడు క్రైస్తవుడు, కాబట్టి ఎస్సీ కాదు, కాబట్టి ఈ చట్టం వీడికి వర్తించదు అన్నాడు. కోర్టు అదే నిజమంది. మిగిలిన సెక్షన్ల కింద కొట్టినవాళ్ళకు జరిమానా పడింది. కట్టేసి, బయటికొచ్చి, మా ముందే టీ తాగారు.

విద్యార్థులు ఈ లెక్క గుర్తుంచుకోండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువు కానివాణ్ణి ఎస్సీగా గుర్తించనంది. 1956లో సిక్కులను చేర్చారు. 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఈనాటికీ బయటే. ఆంధ్రలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్ళది బీసీ-సి, ఒక్క శాతం. ఆ మూడో పేరా తీసెయ్యమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. 2022లో బాలకృష్ణన్ గారి అధ్యక్షతన ఇంకో కమిషన్ వేశారు. 2025లో ఆంధ్ర హైకోర్టు క్రైస్తవంలోకి మారినవాడికి అట్రాసిటీ చట్టం రక్షణ లేదని మళ్ళీ చెప్పింది. కొట్టేవాడు మాత్రం నీ జ్ఞానస్నానం రిజిస్టరు చూసి కొట్టడు. నీ ఇల్లు ఎక్కడుందో చూసి కొడతాడు.

ఆ తీర్పు తర్వాత తమ్ముడు వాకిలి దాటలేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. అమ్మ మాట్లాడటం మానేసింది. నేను సభలకు వెళ్తూనే ఉన్నాను, మైకు ముందు అరుస్తూనే ఉన్నాను. ఇంటికొస్తే రాత్రి మూడింటి దాకా నిద్ర పట్టేది కాదు. మన ఉద్యమాల్లో నినాదానికి చోటుంది, కరపత్రానికి చోటుంది, ధర్నాకు చోటుంది. ఏడవడానికి చోటు లేదు. సభలో గొంతు వణికితే పక్కనున్నాయన మైకు అందుకుంటాడు. "ధైర్యంగా ఉండాలమ్మా" అంటాడు. మంచికే అంటాడు. కానీ ఆ ఏడుపు ఎక్కడికి పోవాలి?

ఆ ఏడాది తపస్కాలం వచ్చింది.

తెలియని వాళ్ళ కోసం చెబుతాను. విభూది బుధవారం నుంచి పాస్కా దాకా ఉండే నలభై రోజుల ఉపవాస కాలాన్ని కతోలికులు తపస్కాలం అంటారు. ఆ శుక్రవారాల్లో స్లీవమార్గం చేస్తారు. యేసుకు మరణశిక్ష వేసిన దగ్గర్నుంచి సమాధి దాకా పద్నాలుగు స్థలాలు. పెద్ద గుళ్ళో అయితే గోడల మీద పద్నాలుగు బొమ్మలుంటాయి. మా పల్లెలో గోడలు చాలవు. అందుకని పద్నాలుగు ఇళ్ళ ముందు చేస్తాం. ప్రతి ఇంటి వాకిట్లో ఒక బల్ల, దాని మీద తెల్ల గుడ్డ, కొవ్వొత్తి. ఫాదరుకు పది ఊళ్ళు. ఆయన రాలేడు. ఉపదేశి తాత చదువుతాడు. చదివినప్పుడల్లా మట్టిలో మోకాళ్ళ మీద ఉంటాం. తర్వాత ఆ ఇంటివాళ్ళు తమ కష్టం ఏదో పైకి చెప్పుకుంటారు. మిర్చికి చేసిన అప్పు, కువైట్ నుంచి ఫోను చెయ్యని కూతురు, డయాలసిస్‌కి బస్సు చార్జీలు. పల్లె అంతా ఒక్క గొంతుతో దేవుణ్ణి అడుగుతుంది. తర్వాత ఆ ఇంటివాళ్ళే స్లీవను భుజానికెత్తుకుని పక్క ఇంటి దాకా మోస్తారు. తుమ్మ కర్రతో చేసింది. బొమ్మ కాదు, బరువుంటుంది.

మా ఇల్లు పల్లె మొదట్లో ఉంటుంది. అందుకని మొదటి స్థలం ఎప్పుడూ మా వాకిట్లోనే. మొదటి స్థలం అంటే పిలాతు తీర్పు. తప్పేమీ కనబడలేదని తనే చెప్పి, చేతులు కడుక్కుని, శిక్షకు అప్పగించిన న్యాయాధికారి కథ. చిన్నప్పటి నుంచి ఏటా మా గుమ్మం ముందు వినే కథే. ఆ శుక్రవారం తాత చదువుతుంటే నాకు కోర్టు హాలు కనబడింది. బెంచీ, ఫ్యాను, కాగితాలు సర్దుకుంటున్న గుమాస్తా అన్నీ కనబడ్డాయి. ఈ ప్రార్థన ఎక్కడ మొదలవుతుందో చూడండి. నా పాపంతో కాదు, ఒక కోర్టులో మొదలవుతుంది. ఒక అన్యాయపు తీర్పుతో మొదలవుతుంది.

చదవడం అయ్యాక మా ఇంటి వంతు. నేను మాట్లాడాలి అనుకున్నాను, నోరు పెగల్లేదు. అమ్మ అంది, "మా పిల్లోడి కేసు కొట్టేశారయ్యా. వాడు అన్నం తినడం లేదు. నాకు ఎవరికి చెప్పుకోవాలో తెలవడం లేదు." నెలల తర్వాత ఆమె అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అదే. ఎవరూ ధైర్యం చెప్పలేదు. సలహా ఇవ్వలేదు. వీధి వీధంతా, చంకలో పిల్లలున్న తల్లులతో సహా, మోకాళ్ళ మీద ఉండి ఆమె తరఫున దేవుణ్ణి అడిగారు.

నాన్న లేడు కాబట్టి స్లీవ మొయ్యాల్సింది తమ్ముడు. కుడి భుజం లేవదు. ఎడమ భుజానికి ఎత్తుకోబోయాడు, తూలాడు. ఎదురింటి చిన్నాయన వచ్చి వెనక కొస పట్టుకున్నాడు. ఆయనకీ మాకూ గోడ హద్దు తగువు. ఆరేళ్ళుగా మాటల్లేవు. ఆయన ఏమీ అనలేదు, తమ్ముడూ ఏమీ అనలేదు. ఇద్దరూ కలిసి రెండో ఇంటి దాకా మోశారు.

ఆ రాత్రి తమ్ముడు అన్నం తిన్నాడు. నాకు నిద్ర పట్టింది. స్వస్థత అంటే వేదికల మీద కర్రలు పారేసి గంతులెయ్యడం అనుకుంటారు చాలామంది. మా ఇంట్లో జరిగిన స్వస్థత ఇంతే. భుజం ఇప్పటికీ పూర్తిగా లేవదు. కానీ అప్పటిదాకా అది మా ఇంటి కేసు. ఆ శుక్రవారం నుంచి పల్లె కేసు అయింది. మర్నాడు పొద్దున్నే చిన్నాయన వచ్చి అరుగు మీద కూర్చుని, "అప్పీలుకు ఎంతవుద్దమ్మా?" అని అడిగాడు. ఇంటికి వంద, రెండొందలు పోగుచేశారు. వకీలు దగ్గరికి వెళ్ళిన రోజు ఆటోలో ఆరుగురు ఆడవాళ్ళు ఎక్కారు. అప్పీలు ఇంకా పెండింగే. కానీ వాయిదా రోజున అమ్మ ఒక్కతే వెళ్ళడం లేదు.

తర్వాత నేను ఈ పద్నాలుగు స్థలాల గురించి వెతికి చదివాను. సంఖ్య ఊరికో రకంగా ఉండేదట. 1731లో పన్నెండో క్లెమెంటు పోపు పద్నాలుగని ఖాయం చేశాడు. యేసు మూడుసార్లు పడ్డాడని మనం చేస్తాం కదా, అది నాలుగు సువార్తల్లో ఎక్కడా లేదు. జనం భక్తిలోంచి వచ్చి చేరింది. పడటం, లేవడం, మళ్ళీ పడటం ఏంటో ఒంటికి తెలిసిన జనమే దాన్ని చేర్చుకుని ఉంటారని నా నమ్మకం.

అయిదో స్థలం సీమోనుది. కురేనే వాడు, అంటే ఉత్తర ఆఫ్రికా ఊరి మనిషి. పల్లెటూరి వైపు నుంచి వస్తున్నవాణ్ణి సైనికులు పట్టుకుని బలవంతంగా స్లీవ మోయించారు. కూలి లేదు, కాదనే హక్కు లేదు. దీనికి మన భాషలో పేరుంది, వెట్టి. మన తాతలు ఈ స్థలం దగ్గర ఎందుకు ఎక్కువసేపు మోకాళ్ళ మీద ఉండేవాళ్ళో నాకు అప్పుడు అర్థమైంది. పదో స్థలంలో బట్టలు ఊడదీస్తారు. మన ఆడవాళ్ళను ఊరి నడిమధ్య ఏం చేశారో తెలిసిన వాళ్ళకు అక్కడ వివరణ అక్కర్లేదు.

ఇంకో సంగతి. రోమునాటి స్లీవ ఎవరికి పడితే వాళ్ళకు వేసే శిక్ష కాదు. ముఖ్యంగా బానిసలకు, తిరగబడిన వాళ్ళకు వేసేది. క్రీ.పూ. 71లో స్పార్టకస్ తిరుగుబాటు అణచాక, కాపువా నుంచి రోము దాకా రోడ్డు పొడుగునా ఆరు వేల మంది బానిసలను స్లీవలకు కొట్టారు. చూసినవాడు మళ్ళీ తలెత్తకూడదని. యేసును చంపింది కూడా నగర ద్వారం బయటే. ఊరి బయట. మన ఇళ్ళు ఉన్న చోట. 2016 జనవరిలో హైదరాబాద్ యూనివర్సిటీ పిల్లలు రోహిత్‌తో కలిసి వేసుకున్న గుడారానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు కదా, ఆ పేరు విన్నప్పుడు నాకు గొల్గొతా గుర్తొచ్చింది. చుండూరులో 1991 ఆగస్టు 6న చంపేసిన మనవాళ్ళ సమాధులున్న నేలను రక్తక్షేత్రం అంటారు. అక్కడ నిలబడ్డప్పుడూ అంతే. స్లీవ మీద ఉన్నది ఓర్పు నేర్పే బొమ్మ కాదు. రాజ్యం, మతపెద్దలు కలిసి చంపిన మనిషి. ఆ చావే ఆఖరి తీర్పు కాదని దేవుడు కొట్టేశాడని మేం నమ్ముతాం. కింది కోర్టు తీర్పు మీద పైకోర్టు లాగా. "గబ్బిలం" రాసిన జాషువాయే "క్రీస్తు చరిత్ర" కూడా రాశాడు. ఆ రెండూ ఒకే గుండెలో పట్టాయి.

ఇదంతా రాసి, గుడిలో కులం లేదని చెప్పి పోతే నేను అబద్ధం ఆడినట్టు. మన వైపు కతోలిక మతం 18వ శతాబ్దంలోనే రెడ్ల, కమ్మల ఇళ్ళకు చేరింది. మనం తర్వాత వచ్చాం. మా పెద్ద గుళ్ళో ముందు వరసలు ఎవరివో రాసిపెట్టి ఉండదు, అందరికీ తెలుసు. శ్మశానం మధ్యలో గోడ ఉంది. స్లీవమార్గం పెద్ద వీధిలోంచి కూడా పోనివ్వండి అని రెండేళ్ళు అడిగాం, "వచ్చే ఏడు చూద్దాం" అన్నారు. 2016 డిసెంబరులో దేశంలోని కతోలిక పీఠాధిపతులు దళిత సాధికారత విధానం తెచ్చి, సంఘంలో కుల వివక్ష ఉందని, అది పాపమని ఒప్పుకున్నారు. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు. దళితుల్లోంచి మొదటి కార్డినల్ ఆయనే. సంతోషమే. కానీ రోములో ఎర్ర టోపీ వచ్చినంత మాత్రాన మా శ్మశానం గోడ కూలలేదు. దాన్ని కూల్చాల్సింది మేమే. కూలుస్తాం. ఆ స్లీవ ముందు మోకరించి లేచినవాళ్ళకు ఆ గోడ కూల్చే బాధ్యత ఇంకాస్త ఎక్కువ.

విద్యార్థులకు, కార్యకర్తలకు చివరిగా ఒక మాట. ఉద్యమంలో మనుషులు ఒంటరిగా విరిగిపోతున్నారు. హాస్టల్ గదుల్లో, అద్దె ఇళ్ళలో, ఫోను ముందు. బయటికి మాత్రం గట్టిగా కనబడుతున్నారు. మీకు స్లీవ అక్కర్లేకపోవచ్చు. కానీ బాధను పైకి చెప్పుకునే ఒక వాకిలి, మీ తరఫున నోరు విప్పే ఒక వీధి, మీరు తూలినప్పుడు వెనక కొస పట్టుకునే ఒక మనిషి కావాలి. బాబాసాహెబ్ కూడా 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఒక్కడే దీక్ష తీసుకుని ఇంటికి పోలేదు. లక్షల మందితో కలిసి తీసుకున్నారు. బుద్ధవందనంలోనో, అంబేద్కర్ భవనం మెట్ల మీదో, గద్దర్ పాట చుట్టూనో, ఆ వాకిలి ఎక్కడ దొరికితే అక్కడ కూర్చోండి. వారానికొకసారైనా కూర్చోండి. ఎవరైనా మాట్లాడుతూ ఏడిస్తే మైకు లాక్కోకండి. ఆగండి. అందరూ ఆగండి.

వచ్చే భాగంలో శ్మశానం గోడ సంగతి రాస్తాను. ఆ ఊళ్ళవాళ్ళకు కోపం వస్తుందని తెలుసు.

జై భీమ్.