ఆసుయంత్రము

బెజ్జంకిలో యంత్రపాఠము చెప్పునపుడు మేము మొదట పలకపై మేకులను అర్ధవలయముగా నాటి, పిల్లలకు నూలిచ్చి ఆసు పోయింతుము. నూరు మారులకే భుజము పట్టుకొందురు. పోచంపల్లి చీర యొక్కటికి చేయి సుమారు 9,000 మారులు పోయి రావలెను.

ఆలేరు దాపున శారాజిపేటలో తల్లి లక్ష్మిగారి భుజపునొప్పి చూడలేక, ఆరవ తరగతితో చదువు మానిన చింతకింది మల్లేశముగారు 1992లో యంత్రమునకు పూనుకొనిరి. చేతి పోకరాకలు కుదిరినవి. నూలును మేకుచుట్టు త్రిప్పి ప్రక్కమేకునకు జరుపుటయే చిక్కు. మా పిల్లలును అచ్చటనే ఆగుదురు.

1999లో హైదరాబాదు బాలానగరమున పనికి పోయినచోట, వేరొక యంత్రమునందలి కదలిక ఆ చిక్కును విప్పినది. నాలుగైదు గంటల ఆసు గంటన్నరకు దిగినది. 2017లో పద్మశ్రీ వచ్చినది. మాకు మాత్రము ఆ యంత్రమునకు తల్లి పేరుంచుటయే మిక్కిలి నచ్చినది.