నడుమ దిగే ఊరు

పూర్వం దూరప్రయాణం చేసేవారు గమ్యాన్ని గురించి కంటె మజిలీలను గురించే ఎక్కువగా విచారించేవారు. ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుండి కాశీకి బయలుదేరి, దారిలో విడిసిన ఊళ్లలో బస ఎట్లా ఉన్నదో, ఏ వస్తువులు దొరుకుతాయో ఓపికగా వ్రాసిపెట్టాడు. ఈనాడు విమానం టికెట్టు కొనేవారు సాధారణంగా అడిగేవి రెండే ప్రశ్నలు: ధర ఎంత? ఎన్ని గంటలు పడుతుంది? మజిలీ సంగతి ఎవరూ అడగరు. అట్లాంటిక్ మహాసముద్రం దాటవలసిన ప్రయాణానికి అడగవలసిన మొదటి ప్రశ్న అదేనని నా అభిప్రాయం.

2025లో మా చెల్లెలికి బోస్టన్ నగరంలో డిసెంబరు నెలలో పురుడు వస్తుందన్నారు. అమ్మ వెళ్లవలసి వచ్చింది. ఆమె వయస్సు 71 సంవత్సరాలు. సిద్దిపేట దాటి హైదరాబాదు వరకు బస్సులో ఒంటరిగా వస్తుంది కాని, విమానం ఎన్నడూ ఎక్కలేదు. మోకాళ్ల నొప్పులున్నాయి. తెలుగు చదువుతుంది, అంకెలు గుర్తిస్తుంది. ఇంగ్లీషు అక్షరాలు రావు. నిజాం కాలపు ఇళ్లలో పెరిగినవారి మధ్య బ్రతికినందువల్ల హిందీ ఉర్దూలు కలిసిన మాట మాత్రం ధారాళంగా మాట్లాడుతుంది. కళాశాలకు సెలవు దొరకనందున నేను వెంట వెళ్లే వీలు లేదు. ఏ విమానసంస్థలో పంపాలో నిర్ణయించే పని నా మీద పడింది.

కంప్యూటరు తెర మీద ఇరవైకి పైగా పేర్లు కనిపించాయి. కాస్త పరిశీలిస్తే అవి అంతమంది కారని తెలుస్తుంది. ఐరోపా, అమెరికాల నడుమ తిరిగే పెద్ద సంస్థలు చాలావరకు మూడు జట్లుగా ఏర్పడి, వేళలను కలిసి నిర్ణయించుకొని, ఆదాయాన్ని పంచుకొంటున్నాయి. బ్రిటిష్ ఎయిర్‌వేస్, అమెరికన్ ఒక జట్టు. లుఫ్తాన్సా, యునైటెడ్, ఎయిర్ కెనడా మరొక జట్టు. ఎయిర్ ఫ్రాన్స్, కె.ఎల్.ఎం., డెల్టా, వర్జిన్ అట్లాంటిక్ ఇంకొకటి. అందువల్ల ఒక సంస్థ పేరుతో టికెట్టు కొని, వేరొక సంస్థ విమానంలో కూర్చోవడం సర్వసాధారణం. వింత ఏమిటంటే, ఈ మూడు జట్లకూ హైదరాబాదుతో సంబంధం ఉన్నది. లండన్‌కు విమానం ముందునుంచీ ఉన్నది. ఫ్రాంక్‌ఫర్ట్‌కు 2024 జనవరిలోను, ఆమ్‌స్టర్‌డామ్‌కు 2025 సెప్టెంబరులోను నేరుగా విమానాలు మొదలయ్యాయి. కాబట్టి నేను ఎంచుకోవలసింది ఇరవై సంస్థలలో ఒకదానిని కాదు; మూడు ఊళ్లలో ఒకదానిని.

సముద్రం మీద ఈ సంస్థల మధ్య పెద్ద తేడా ఏమీ లేదు. ఉత్తర అట్లాంటిక్ పైన చాలా ఎత్తులో పడమటి నుండి తూర్పుకు బలమైన గాలి వీస్తుంది. ఆ గాలి తీరును బట్టి ప్రతిదినమూ ఆకాశంలో దారులు నిర్ణయిస్తారు. పడమటికి పోయే దారులను స్కాట్లండులోని ప్రెస్ట్‌విక్ కేంద్రం, తూర్పుకు వచ్చే దారులను కెనడాలోని గాండర్ కేంద్రం ప్రకటిస్తాయి. ఆ ఏర్పాటు అన్ని సంస్థలకూ ఒకటే. లండన్ నుండి బోస్టన్‌కు 5,200 కిలోమీటర్లకు పైగా దూరం. ఎదురుగాలి వల్ల పోయేటప్పుడు ఏడు గంటలు దాటుతుంది. తిరుగు ప్రయాణం దాదాపు ఒక గంట తగ్గుతుంది. విమానం రకాన్ని మాత్రం కొంత చూడవచ్చును. బోయింగ్ 787 వంటి కొత్త రకాలలో లోపలి గాలి ఒత్తిడి సుమారు 6,000 అడుగుల ఎత్తులో ఉండేంత ఉంటుంది. పాత రకాలలో అది 8,000 అడుగుల దాకా పోవచ్చును. పెద్దవారికి ఈ తేడా కొంత హాయినిస్తుంది. భోజనం రుచిని గురించి మా బంధువులు గంటల తరబడి వాదించారు. ఒక పూట భోజనం కోసం అంత వాదన అనవసరమని నాకు తోచింది.

గల్ఫు దేశాల మీదుగా పోవడం మనవారికి బాగా అలవాటైన దారి. ఆ విమానాశ్రయాలలో మన భాషలు మాట్లాడేవారికి కొదవ లేదు. కాని ఆ ప్రయాణం సమంగా విడిపోదు. దుబాయికి నాలుగు గంటలు. అక్కడి నుండి బోస్టన్‌కు ఇంచుమించు పద్నాలుగు గంటలు ఒకే కూర్చోవడం. లండన్ మీదుగా అయితే మొదట పది గంటలకు పైగా, తరువాత ఏడెనిమిది గంటలు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఈ లెక్క చిన్నది కాదు.

అన్నింటికంటె నన్ను ఊరించింది మరొకటి. ఐరోపా వరకు ఒక టికెట్టు, అక్కడి నుండి వేరొక చౌక సంస్థలో మరొక టికెట్టు కొంటే 18,000 రూపాయలు మిగులుతాయని ఒక ఏజెంటు చెప్పాడు. పద్దెనిమిది వేలంటే మా ఇంట్లో తక్కువ మొత్తం కాదు. పసిబిడ్డకు గొలుసు కొనే డబ్బు అందులో కొంత సమకూరుతుంది. అయితే ఆ రెండు టికెట్లకూ ఒకదానితో ఒకటి సంబంధం ఉండదు. మొదటి విమానం ఆలస్యమై రెండవది తప్పిపోతే, ఆ రెండవ సంస్థ దృష్టిలో ప్రయాణికురాలు రానే లేదు. కొత్త టికెట్టు కొనుక్కోవలసిందే. సామాను నేరుగా పోదు. మధ్యలో దిగి తీసుకొని మళ్లీ అప్పగించాలి. అందుకు ఆ దేశంలో అడుగు పెట్టాలి, దానికి వీసా కావలసి రావచ్చును. ఒకే బుకింగులో రెండు విమానాలూ ఉన్నట్లయితే, ఏది తప్పినా గమ్యం చేర్చే బాధ్యత సంస్థదే. ఆ 18,000 రూపాయలు ఆ బాధ్యతకు కట్టే వెల అనుకొన్నాను. యువకులైతే ఆ డబ్బు మిగుల్చుకొని, అవసరమైతే ఒక రాత్రి బెంచీ మీద పడుకోగలరు. అమ్మ విషయంలో ఆ సాహసం చేయలేను.

ఇక మిగిలినది మూడు ఊళ్ల సంగతి. బోస్టన్‌లో ఉన్న మా బావ ఆమ్‌స్టర్‌డామ్ వైపు మొగ్గాడు. అక్కడి స్కిపోల్ విమానాశ్రయమంతా ఒకే కప్పు క్రింద ఉంటుంది. ఒక భవనం నుండి మరొక భవనానికి బస్సు ఎక్కే పని లేదు. అతని మాట సమంజసమైనదే. ధర కూడా లండన్ కంటె కొంత తక్కువ. నేను ఇంకొక లెక్క వేశాను. అమ్మకు రెండవ విమానం తప్పిపోతే, బోస్టన్‌కు తరువాతి విమానం ఎప్పుడు? లండన్ నుండి ఆ జట్టు విమానాలు బోస్టన్‌కు రోజుకు ఒకటి కంటె ఎక్కువ ఉన్నాయి. ఆ రోజే పంపే అవకాశం ఎక్కువ. ఇట్లా ఇద్దరమూ వారం రోజులు ఫోనులో తర్కించుకొన్నాము. అమ్మ పక్కనే కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతూ అంతా విన్నది.

"విమానం సంగతి మీరు సూస్కోండ్రి బిడ్డా. నడుమ దిగినకాడ నేనెవర్ని అడగాలె? ఏ మాటల అడగాలె?" అన్నది.

మా పట్టికలలో ఈ ప్రశ్నకు గడి లేదు. హీత్రూ విమానాశ్రయానికి దగ్గరలోనే సౌతాల్ అనే పేట ఉన్నది. పంజాబు నుండి వెళ్లిన కుటుంబాలు దశాబ్దాలుగా అక్కడ స్థిరపడ్డాయి. ఆ విమానాశ్రయంలో పనిచేసేవారిలో అటువంటివారు ఎందరో ఉన్నారు. అమ్మ హిందీ అక్కడ చెల్లుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో చెల్లదని కాదు, చెల్లుతుందన్న నమ్మకం తక్కువ. లండన్ టికెట్టే కొన్నాము. రెండు విమానాల నడుమ నాలుగు గంటల వ్యవధి ఉండేటట్లు చూచాము. గంటన్నర వ్యవధి గల టికెట్టు కూడా అమ్ముతారు; దానిని మొదటే తోసిపుచ్చాను. అమెరికా వీసా ఉన్నా, మధ్యలో దిగే దేశం నిబంధనలు విడిగా చూచుకోవాలి. అవి తరచు మారుతుంటాయి.

చక్రాల కుర్చీ కావాలని టికెట్టుతో పాటే కోరాము. ఐరోపాలో 2006 నుండి ఉన్న నిబంధన ప్రకారం ఈ సహాయానికి రుసుము లేదు. కనీసం 48 గంటల ముందు తెలియజేయాలి. బ్రిటన్‌లోనూ అదే పద్ధతి కొనసాగుతున్నది. విమానం నంబరు, చెల్లెలి ఫోను నంబరు, మందుల పేర్లు ఒక అట్ట మీద తెలుగులోను ఇంగ్లీషులోను వ్రాసి, అమ్మ మెడలో వేసుకొనే సంచిలో పెట్టాను. గేటు సంఖ్యకు ముందు అక్షరం ఉంటుంది గనుక ఏ, బీ, సీ అనే మూడు అక్షరాలు నేర్పాను. రెండు సాయంత్రాలలో నేర్చుకొన్నది. నాలుగవది కూడా చెప్పమన్నది.

బోస్టన్ చేరిన రాత్రి ఫోను చేసినప్పుడు, పుట్టబోయే మనుమడి మాట కంటె ముందు గేటు మాటే చెప్పింది. "సీ గేటు బిడ్డా. భూమి కింద రైలెక్కించిండ్రు. కుర్చీ తోసిన పిల్లది జలంధరు దిక్కుదట. ఆమెకు ఇంక పెండ్లి కాలేదు."