ఎవరూ ఫోన్ చేసి అడగని పని

టెక్నాలజీ విభాగంలో ఉదయం ఫోన్లతోనే మొదలవుతుంది. ప్రింటర్ కదలదు, ఎవరి పాస్‌వర్డో పనిచేయదు, పైఅధికారికి మధ్యాహ్నంలోగా రిపోర్టు కావాలి. అడిగేవాళ్లు ఎదురుగా ఉంటారు కాబట్టి ఆ పనులే ముందుకొస్తాయి. సర్వర్లకు సెక్యూరిటీ ప్యాచ్ వేయమని మాత్రం ఎవరూ ఫోన్ చేయరు.

2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ విండోస్‌లోని ఒక లోపానికి ప్యాచ్ విడుదల చేసింది. మే 12న అదే లోపంలోంచి, ప్యాచ్ వేయని కంప్యూటర్లలోకి వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ చొరబడింది. మధ్యలో దాదాపు రెండు నెలల వ్యవధి! బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ప్యాచ్ వేయాలంటే మెషీన్లు రీస్టార్ట్ చేయాలి, పాత సాఫ్ట్‌వేర్ ఆగిపోదని ముందే పరీక్షించుకోవాలి. రోజంతా టికెట్ల (సహాయం కోరే ఫిర్యాదుల) మీద పరుగెత్తే సిబ్బందికి ఆ తీరిక ఎక్కడిది? వాళ్లను నిందించడం అన్యాయం. సమయం కేటాయించాల్సింది పైవాళ్లు.

కేటాయించినవాళ్లూ ఉన్నారు. 2002 జనవరిలో భద్రతకే పెద్దపీట వేయమని బిల్ గేట్స్ ఉద్యోగులకు లేఖ రాశాక, మైక్రోసాఫ్ట్ విండోస్ అభివృద్ధిని కొంతకాలం ఆపి, వేలమంది ఇంజనీర్లకు శిక్షణ ఇచ్చింది.

గూగుల్ తన ఎస్‌ఆర్‌ఈ (సైట్ రిలయబిలిటీ ఇంజనీరింగ్) బృందాలకు హద్దు గీసింది. టికెట్లు, ఆన్‌కాల్, చేత్తో చేసే పనులు కలిపి సగం సమయం దాటకూడదు. మిగతా సగం, ఆ పనులు మళ్లీ మళ్లీ రాకుండా చేసే ఇంజనీరింగ్‌కే.

చిన్న ఆఫీసుకు అంత ఏర్పాటు అక్కర్లేదు. ప్యాచ్‌లకూ, బ్యాకప్ నిజంగా తెరుచుకుంటుందో లేదో చూడటానికీ వారంలో ఒక పూట చాలు. ఆ పూట టికెట్లు ముట్టుకోవద్దని చెప్పాల్సింది మేనేజరే. ఈ వారమే చెప్పండి.