ఐబిస్ ఎక్కేవాళ్లకి నాలుగు మాటలు

అమితావ్ ఘోష్ 'సీ ఆఫ్ పాపీస్' మొదలుపెట్టి, ఆ ఓడ భాషకి జడిసి మూసేశారా? మళ్లీ తెరవండి. నిఘంటువు అక్కర్లేదు. అందులో మాటలు చాలావరకు మన కాలవ గట్ల మీదా రేవుల్లోనూ తిరుగుతున్నవే.

కథ 1838 నాటిది. నల్లమందు వ్యాపారం జోరుగా సాగుతున్న రోజులు. ఒకప్పుడు ఆఫ్రికా బానిసలను మోసిన ఐబిస్ అనే ఓడ, ఇప్పుడు బీహారు కూలీలను మారిషస్‌కి మోయబోతోంది. దాన్ని నడిపే నావికులు లస్కర్లు. మనకి లస్కర్ అంటే కాలవ తూములు చూసుకునే ఇరిగేషనాయన! లస్కర్ల పెద్ద సరంగు. గోదారిలో లాంచీ ఎక్కినవాళ్లకి ఆయన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. సరంగు కింద టిండాల్. ఈయనెవరు కొత్తగా అంటారేమో, శ్రీకాకుళం మత్స్యకారుల తండేలే! ఆ పేరుతో వచ్చిన సినిమా పుణ్యమా అని ఆ మాట ఇప్పుడు ఊరూరా తెలుసు. కళాసీ, లంగరు, గుమాస్తా సరేసరి.

ఇన్ని మాటలు ఒక్క ఓడలో ఎలా పోగయ్యాయంటారా? లస్కర్లలో అరబ్బులు, బెంగాలీలు, గోవా వాళ్లు, మలయాళీలు, చీనావాళ్లు, అందరూ ఉండేవారు. గాలివానలో తెరచాప దించమంటే అందరికీ ఒకేసారి అర్థం కావాలి. అప్పుడు వ్యాకరణం ఎవడిక్కావాలి? ఆ కలగాపులగాన్ని తెల్ల అధికారులు నేర్చుకోవాలని థామస్ రోబక్ 1811లో కలకత్తాలో ఏకంగా నిఘంటువే వేశాడు. ఘోష్ దాన్ని బాగా వాడుకున్నాడు.

కూలీల మాట వేరే. అగ్రిమెంటు వాళ్ల నోట్లో పడి గిర్మిట్ అయింది, వేలిముద్ర వేసినవాళ్లు గిర్మిటియాలయ్యారు. నవలలో వీళ్లు భోజ్‌పురీ వాళ్లుగానీ, మనవాళ్లూ ఆ సముద్రం దాటినవాళ్లే. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదే మారిషస్‌లో తెలుగువాళ్లని కోరంగీలన్నారు. కథాకాలానికి మరుసటేడు, 1839 నవంబరులో, ఉప్పెన ఆ రేవుని ఊడ్చేసింది.

ఒక్క సలహా. అర్థం కాని మాట దగ్గర ఆగిపోకండి. ఘోష్ కావాలనే వివరించడు, నాకైతే అదే నచ్చింది. బాల్టిమోర్ నుంచి ఐబిస్‌లో వచ్చిన నావికుడు జాకరీ రీడ్‌కి మాత్రం ఎవరు పాఠం చెప్పారు? సరంగు అలీ పక్కన తిరుగుతూ వింటూనే నేర్చేశాడు. రెండో భాగం 'రివర్ ఆఫ్ స్మోక్'లో కథ కాంటన్ రేవుకి పోతుంది. అక్కడి చీనా వర్తకుల పిజిన్ అనే కలగలుపు ఇంగ్లీషు ముందు మాత్రం మనమూ జాకరీలమే, వింటూ పోవడమే.